గోత్రం తెలియకపోతే చుట్టం కాకుండా పోతారా?

ఈ శ్రీరామనవమికి మెల్‌బోర్న్‌లో మన తెలుగు సంఘం జరిపిన కల్యాణంలో ఏం జరిగిందో చాలామంది చూశారు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక కుటుంబం పీటల మీద కూర్చోవడానికి పేరు ఇచ్చింది. నమోదు బల్ల దగ్గర ఇంటిపేరు, గోత్రం, స్వగ్రామం అడిగారు. మూడింటికీ వాళ్ల దగ్గర జవాబు లేదు. వెనక వరుసలో కూర్చోబెట్టి, మైకులో "మన తమిళ మిత్రులు కూడా విచ్చేశారు" అని ప్రకటించారు. ఆ ఇంటి పెద్దావిడ "మేమూ తెలుగోళ్లమేనమ్మా" అంది. అది మైకు దాకా చేరలేదు.

బల్ల దగ్గర కూర్చున్న పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. ఫారంలో ఉన్నదే వాళ్లు అడిగారు. కానీ గోత్రం తెలియనివారికి కాశ్యప గోత్రం చెప్పి సంకల్పం చేయించడం ఏ పురోహితుడికైనా తెలిసిన సంగతే. గుళ్లో రోజూ దొరికే ఆ వెసులుబాటు మన ఫారంలో దొరకలేదు.

వంశం సంగతికొస్తే ఆ కుటుంబానికి అందుబాటులో ఉన్న కాగితం మనలో ఎక్కువమందికి లేదు. తద్దినంలో మనం పితృ, పితామహ, ప్రపితామహుల పేర్లు చెబుతాం, తర్పణాల్లో మాతామహుల వైపు మరో మూడు తరాలు చెబుతాం. ఏ కాగితమూ లేకుండా ఇన్ని పేర్లు నిలిపిన ఆచారం అది, దాన్ని తక్కువ చేయకూడదు. అయితే అక్కడితో ఆగిపోతాం. ముత్తాత తమ్ముడు ఎక్కడికి పోయాడో, ముత్తాత అక్కను ఏ ఊరు ఇచ్చారో అడిగితే ఇళ్లలో మౌనమే. డర్బన్ వాళ్లకు మాత్రం 1860 నవంబర్ 16న మద్రాసు నుంచి వచ్చిన ట్రూరో ఓడ మొదలు 1911 దాకా ఒప్పంద కూలీలుగా వచ్చిన దాదాపు లక్షా 52 వేల మందికి ఓడల జాబితాలు ఉన్నాయి. వాళ్లలో మూడింట రెండొంతులు మద్రాసు రేవు మీదుగా వచ్చినవాళ్లే. ఒక్కో మనిషికి ఒక్కో కలోనియల్ నంబరు (కూలీగా నమోదైన సంఖ్య), దాని పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు.

వెతుకులాట ఆ నంబరుతో మొదలుపెట్టాలి, పేరుతో కాదు. అప్పన్న, రామయ్య, లక్ష్మి అనే పేర్లు ప్రతి ఓడలోనూ ఉంటాయి. తాతముత్తాతల పాత జనన, వివాహ, మరణ పత్రాల మీద నంబరు రాసి ఉండటం కద్దు. పిల్లల కాగితాల మీద కూడా తల్లిదండ్రుల నంబరు వేసేవారు. ఇంట్లో కాగితం లేకపోతే అక్కడి ఆర్కైవ్స్‌లో చనిపోయినవారి ఆస్తి ఫైళ్లు చూడాలి. నంబరు దొరికితే ఓడ దొరికినట్టే. అదే పేజీలో పై వరుసలూ కింది వరుసలూ తప్పక చదవాలి, ఒకే ఊరివాళ్లు పక్కపక్కనే నమోదై ఉంటారు.

మారిషస్ కాగితాలు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. అక్కడ కొందరికి 1860ల నుంచి ఫొటోలు కూడా దొరుకుతాయి. వెళ్లేవాళ్లు తమ నుంచి వలస వచ్చిన మనిషి దాకా ప్రతి తరానికీ జనన పత్రం పట్టుకెళ్లాలి. ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60 వేల పైచిలుకు మంది వెళ్లారు, మద్రాసు నుంచి ఓడలు 1903లో మొదలయ్యాయి. వాళ్ల ఎమిగ్రేషన్ పాసులు సువాలోని ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఆ పాసులో మనం కళ్లు పెట్టి చూడాల్సిన గడి ఒకటుంది: దగ్గరి బంధువు పేరు. ఓడ ఎక్కినవాడు ఊళ్లో మిగిలిన అన్న పేరో తమ్ముడి పేరో అక్కడ చెప్పేవాడు. ఆ మిగిలిన అన్నే మనలో ఎవరికో ముత్తాత.

ఇక ఊరి పేరు విప్పడం. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. తెలుగు మనిషి నోటి మాటను మద్రాసు డిపోలో (ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే చోటు) గుమస్తా ఇంగ్లిషులో రాసుకున్నాడు. చికాకోల్ అంటే శ్రీకాకుళం, బిమ్లిపటం అంటే భీమునిపట్నం, పాల్కొండ అంటే పాలకొండ. ఇవి తేలికే. తాలూకా గడిలో 'గోల్గొండ' అని కనిపిస్తే మాత్రం చాలామంది హైదరాబాద్ విమానం ఎక్కేస్తారు. అది అప్పటి విశాఖపట్నం జిల్లా గొలుగొండ తాలూకా, దాని ముఖ్య కేంద్రం నర్సీపట్నం. అలాగే సర్వసిద్ధి పేరుతో తాలూకా ఇప్పుడు లేదు, దాని కేంద్రం యలమంచిలి. 'నార్త్ ఆర్కాట్' అని ఉంటే తమిళనాడే అనుకోకండి, 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, చంద్రగిరి ప్రాంతాలు అందులోనివే. మదనపల్లె అప్పటిదాకా కడప జిల్లాలో ఉండేది. 'గంజాం' అన్నది ఇప్పుడు ఒడిశా కావచ్చు, శ్రీకాకుళం కావచ్చు, ఎందుకంటే ఆ జిల్లాను 1936లో చీల్చారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు మళ్లీ మారాయి కాబట్టి ఈనాటి మ్యాపులో పాత జిల్లా పేరు కొట్టి వెతకడం వృథా. పాత జిల్లా గెజిటీర్ తెరిచి ముందు తాలూకా తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఊరు. కొత్తవలసలు, రామభద్రపురాలు, గోపాలపురాలు మనకు లెక్కలేనన్ని.

జాబితాలో ఉన్న ప్రతి ముక్కనూ నమ్మడానికి లేదు. వయసు గుమస్తా అంచనా. కులం గడిలో మొదటి ఓడల్లో కొన్నిచోట్ల 'జెంటూ' అని ఉంటుంది, అది తెలుగువాళ్లందరికీ ఆంగ్లేయులు వాడిన పేరు తప్ప కులం కాదు. డిపోలో కులం దాచుకున్నవాళ్లూ, మార్చి చెప్పినవాళ్లూ ఉన్నారు. వంద మంది మగవాళ్లకు నలభై మంది ఆడవాళ్లు ఉండాలన్న నిబంధన వల్ల డిపోలోనే, ఓడలోనే ఎన్నో జంటలు కుదిరాయి. కాబట్టి ఒకే వరుసలో ఉన్న మొగుడూ పెళ్లాలది ఒకే ఊరని, ఒకే కులమని, ఒకే భాష అని అనుకోకూడదు. నాయుడు ఇంట్లో తమిళ తాతమ్మ బయటపడటం ఆ కుటుంబాల్లో మామూలే. ఆడవాళ్ల వరుసలు విడిగా చదివితే ఒంటరిగా బయల్దేరిన వితంతువులు కనిపిస్తారు. వాళ్లకు ఆ ఓడే పుట్టింటి నుంచీ అత్తింటి నుంచీ విడుదల అయి ఉంటుంది.

ఇంటిపేరు ఆ జాబితాల్లో సాధారణంగా ఉండదు. అందుకే వాళ్లకు తాత పేరో, నాయుడు, రెడ్డి అన్న గౌరవ పదమో ఇంటిపేరైపోయింది. ఇంటిపేరు అడిగి కనుక్కుందామంటే కుదరదు. దానికి బదులు ఇలవేల్పును అడగండి. మారిషస్ తెలుగువారి ఇళ్లలో సింహాద్రి అప్పన్న పూజ నేటికీ ఉంది. అంటే వెతుకులాట విశాఖ వైపు తిరగాలి. పైడితల్లి పేరు వినిపిస్తే విజయనగరం, తిరుపతి గంగమ్మ జాతర ఆనవాళ్లుంటే చిత్తూరు. మొక్కు తీర్చే పద్ధతి, నైవేద్యం, అమ్మమ్మ వాడిన వరుసల మాటలు, ఇవన్నీ రాసుకోవాలి.

ఇప్పుడు మన వైపు. ఊళ్లో భూమి కాగితాలు చూద్దామని అందరూ మొదట మీభూమి వెబ్‌సైట్‌లో అడంగల్, 1-బి (సాగు, హక్కుల పత్రాలు) తీస్తారు. అవి ఇప్పటి హక్కుదారుల కోసం, పాత తరాల కోసం కాదు. రైతువారీ (రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే) ఊళ్లయితే పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్లలో, ఇనాం భూములుంటే 1860ల ఇనాం రిజిస్టర్లలో పేర్లు దొరకవచ్చు. విశాఖ జిల్లాలో గొలుగొండ, సర్వసిద్ధి, పాలకొండ లాంటి ప్రభుత్వ తాలూకాలు పోను ఎక్కువ భాగం జమీందారీ. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత జరిగిన సెటిల్‌మెంట్‌కు ముందు అక్కడ రైతు పేరు మీద ప్రభుత్వ రికార్డు ఆశించకూడదు. పైగా ఓడ ఎక్కినవాళ్లలో చాలామందికి సెంటు భూమి లేదు, లేనివాడి పేరు భూమి లెక్కల్లో ఉండదు. కరణాల వ్యవస్థ 1984లో రద్దయినప్పుడు కొన్ని ఊళ్ల పాత లెక్కలు కరణాల ఇళ్ల అటకల మీదే ఉండిపోయాయి. మీలో కరణీకం చేసిన ఇళ్ల పిల్లలు ఉంటే ఆ కట్టలను చెదలు తినకముందే ఫొటోలు తీయండి.

కాగితం లేనిచోట నోటి లెక్క ఉంది. కాపు, రెడ్డి కుటుంబాలకు గోత్రాలు చెప్పే పిచ్చకుంట్లవారు, మాదిగలకు డక్కలివారు తరతరాలుగా వంశాలు కంఠస్థం చేసి చెబుతూ వచ్చారు. మన పెళ్లిళ్లలో డ్రోన్ కెమెరాకు పెట్టే ఖర్చులో ఓ వంతు పెట్టి వాళ్ల చేత చెప్పించి రికార్డు చేయించుకోవచ్చు. క్రైస్తవ కుటుంబాలకు మిషన్ చర్చీల బాప్తిస్మ రిజిస్టర్లు ఉన్నాయి. నెల్లూరు నుంచి జాన్ రంగయ్య 1903లో నాటాల్‌లోని (డర్బన్ ఉన్న ప్రాంతం) తెలుగు బాప్టిస్టుల కోసం వెళ్లారంటే ఆ బంధం ఎంత గట్టిదో అర్థమవుతుంది.

మన వంశవృక్షాల్లో నన్ను బాధపెట్టే మాట ఒకటుంది: నిస్సంతు. దేశాంతరం పోయినవాడి జాడ పన్నెండేళ్లు తెలియకపోతే దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేవారు. ఇంట్లోవాళ్లు దుఃఖంతో, భక్తితో చేసిన పనే అది. కానీ ఆ తర్వాత కాగితం మీద అతని పేరు పక్కన సంతతి లేదని రాసేశారు. ఆడపిల్లలైతే పేరు కూడా లేకుండా 'కుమార్తె' అని ఊరుకున్నారు. దత్తత వెళ్లినవాడు కొత్త ఇంటిపేరు కింద ఎక్కాడు, ఇల్లరికం వెళ్లినవాడు మాయమయ్యాడు. మీ ఇంటి వంశవృక్షంలో నిస్సంతు అని ఉన్న ప్రతి పేరునూ మళ్లీ చూడండి. ముఖ్యంగా 1860-1940 మధ్య యువకులుగా ఉన్నవాళ్లను.

1940 అనడం రంగం (బర్మాలోని రంగూన్) వలసల కోసం. భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, కాకినాడ రేవుల నుంచి రంగం వెళ్లినవాళ్లకు గిర్మిట్ (కూలీ ఒప్పంద పత్రం) లేదు కాబట్టి ఓడల జాబితా లాంటిది దొరకదు. కూలీలను కుదిర్చే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే వాళ్ల ఒప్పందం. ఇళ్లలో మిగిలిన ఉత్తరాలు, మనియార్డర్ రసీదులే ఆధారం. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు నడిచి వచ్చినవాళ్లు వచ్చారు, అక్కడే ఉండిపోయినవాళ్లు ఉన్నారు. కొందరికి అక్కడ బర్మీయ భార్య, పిల్లలు. ఈ సంగతి తెలిసి కూడా నోరు విప్పని ముసలివాళ్లు ఉత్తరాంధ్రలో ఇంకా ఉన్నారు. ఆ పిల్లల పిల్లలు మనకు వరుసకు అన్నదమ్ములే. దాచిపెట్టి ఎవరి పరువు కాపాడుతున్నాం?

డీఎన్ఏ పరీక్ష కొంత పనికొస్తుంది, మన విషయంలో జాగ్రత్తగా చదవాలి. సగటున అన్నదమ్ముల పిల్లల మధ్య 866 సెంటీమోర్గాన్లు (ఉమ్మడి డీఎన్ఏను కొలిచే ప్రమాణం), వాళ్ల పిల్లల మధ్య 229, ఆ తర్వాతి తరంలో 73 ఉమ్మడిగా ఉంటాయి. ఇంకో తరం దాటితే సగం మందికి అసలు సరిపోలదు. గిర్మిట్ కుటుంబాలకు మనకు మధ్య దూరం అంతే లేదా అంతకన్నా ఎక్కువ. అందుకే పరీక్ష పిల్లలకు కాదు, ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లకు చేయించాలి. మేనరికాలు, మేనమామ పెళ్లిళ్లు తరతరాలుగా చేసుకున్నాం కాబట్టి ఒకే కులంలో ఏ సంబంధమూ తెలియని ఇద్దరి మధ్య కూడా చిన్న చిన్న ముక్కలు చాలా కలుస్తాయి. పరీక్ష చేసిన సైటు మూడో తరం బంధువని చూపించినా మొత్తాన్ని నమ్మకుండా అన్నిటికన్నా పొడవైన ముక్క ఎంతో చూడండి. అది 10 సెంటీమోర్గాన్ల లోపే ఉంటే సంబరపడకండి, 30 దాటితే కాగితాలు వెతకడానికి కూర్చోండి. అలాగే పరీక్షకు ముందే ఇంట్లో అందరి సమ్మతి తీసుకోండి, తండ్రి ఎవరన్న ప్రశ్న దాకా అది తీసుకెళ్లగలదు. 23అండ్‌మీ అనే డీఎన్ఏ పరీక్షల సంస్థలో 2023లో 69 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి, 2025లో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. ఫలితం దించుకున్నాక అక్కడి ఖాతా ఉంచాలా వద్దా ఆలోచించుకోండి.

ఊరికి వెళ్లేవాళ్లకు ఒక హెచ్చరిక. పరాయి దేశం నుంచి చుట్టం వచ్చాడనగానే ఊళ్లో మొదట పుట్టే అనుమానం పొలంలో వాటా. తహసీల్దారు కార్యాలయంలో మొదలుపెడితే ఆ అనుమానం ఖాయమైపోతుంది. ముందు గుడి పూజారినో, బడి మాస్టారినో వెంటబెట్టుకుని ఆ ఇంటి ముసలమ్మ దగ్గరికి వెళ్లాలి. ఆస్తి కోసం రాలేదని మొదటి మాటగానే చెప్పాలి.

మారిషస్‌లోని భారత సంతతికి ఏడో తరం దాకా ఓసీఐ (విదేశీ భారత పౌరుల) కార్డు ఇస్తామని 2024 మార్చిలో ప్రకటించారు. ప్రభుత్వం ఏడు తరాలు ఒప్పుకుంటుంటే మన నమోదు బల్ల మూడు ప్రశ్నలకే మనుషుల్ని వెనక్కి పంపడం నాకు మింగుడుపడటం లేదు. కార్యవర్గానికి నా విన్నపం: వచ్చే ఉగాది ఫారంలో గోత్రం గడి పక్కన 'తెలియదు' అని ఒక గడి పెట్టండి, దానికి కాశ్యప గోత్రమని ముందే పురోహితుడితో మాట్లాడి ఉంచండి. మెల్‌బోర్న్, సిడ్నీలలో ఉన్న ఫిజీ, మారిషస్, దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాలను వాళ్ల నంబర్లు, పాసుల నకళ్లు తెచ్చుకోమని పిలవండి. హాలులో ఒక బల్ల వాళ్ల కోసం కేటాయించి, శ్రీకాకుళం, విజయనగరం, అనకాపల్లి, చిత్తూరు వాళ్లు వంతులవారీగా అక్కడ కూర్చుని ఊరి పేర్లు విప్పిపెట్టండి. పాఠకులు ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు "మన ఇంట్లో వెళ్లి తిరిగిరానివాళ్లు ఎవరు?" అని పెద్దవాళ్లను అడిగి, పేరు, తండ్రి పేరు, ఊరు, తాలూకా, ఉజ్జాయింపు సంవత్సరం రాసి సంఘానికి పంపండి. డర్బన్ నుంచి వచ్చిన ఆ పెద్దావిడకు మాత్రం ఉగాది దాకా ఆగక్కర్లేదు, కార్యవర్గం నుంచి ఎవరైనా ఈ వారమే వాళ్లింటికి వెళ్లి క్షమాపణ చెప్పి రావాలి.