తీస్తే సరిపోదు, చూపించాలి

విశాఖలో డాక్యుమెంటరీ తీయాలనుకునే కుర్రాళ్లు ముందుగా అడిగేది ఏ కెమెరా కొనాలని. ఆనంద్ పట్వర్ధన్ జీవితం చూస్తే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న అనిపిస్తుంది. 1950లో ముంబయిలో పుట్టిన ఈ డాక్యుమెంటరీ దర్శకుడు సినిమాలు తీయడానికి ఎంత కష్టపడ్డారో, వాటిని జనానికి చూపించడానికీ అంతే కష్టపడ్డారు.

మురికివాడల కూల్చివేతలపై తీసిన 'బాంబే అవర్ సిటీ'(1985)కి జాతీయ అవార్డు వచ్చింది. అయినా దూరదర్శన్‌లో వేయించడానికి కోర్టుకెక్కక తప్పలేదు. 'ఫాదర్, సన్ అండ్ హోలీ వార్' విషయంలో 2006లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఆ 'బాంబే అవర్ సిటీ'లోనే ఒక మహిళ కెమెరా ముందే నిలదీస్తుంది: పేదల బొమ్మలు తీసి మీరు పేరు తెచ్చుకోవడమేగా, మాకేం ఒరుగుతుందని. ఎడిటింగ్‌లో ఆ ముక్క తీసేయడం ఎంతసేపు? ఆయన ఉంచేశారు. నా లెక్కలో కోర్టు గెలుపులకంటే ఇదే పెద్దది. 1997లో ముంబయి రమాబాయి నగర్‌లో పోలీసు కాల్పుల్లో పదిమంది దళితులు చనిపోయారు. అక్కణ్నుంచి మొదలైన 'జై భీమ్ కామ్రేడ్'కు 14 ఏళ్లు పట్టింది. పూర్తయ్యాక ముంబయి చాళ్లలో, అంటే కార్మికుల ఇరుకు ఇళ్ల సముదాయాల్లో, తెర కట్టి చూపించారు.

మన ఊరికొద్దాం. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ గ్యాస్ లీకై 12 మంది చనిపోతే ఛానళ్లన్నీ ఆర్.ఆర్. వెంకటాపురంలో వాలాయి. 2021 జనవరిలో స్టీల్‌ప్లాంట్ ప్రైవేటీకరణ ప్రకటన రాగానే ప్లాంటు దగ్గరి కూర్మన్నపాలెం వెళ్లాయి. వార్తకు ఆ పూట చాలు. ఛానల్ బండి వెళ్లిపోయాక ఆ ఊళ్లో ఏం జరిగిందన్నది డాక్యుమెంటరీ తీసేవాడు పట్టించుకోవాలి. స్టీల్‌ప్లాంట్ కోసం 64 ఊళ్లు ఖాళీ అయ్యాయి. భూమి పోయినవాళ్లకిచ్చిన ఆర్-కార్డు (పునరావాస కార్డు) దాచుకుని ఉద్యోగం కోసం చూసి చూసి ముసలైపోయినవాళ్ల గొంతు ఎవరు రికార్డు చేస్తున్నారు?

యూట్యూబ్‌లో పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనో, యూనియన్ ఆఫీసులోనో, అగనంపూడి నిర్వాసిత కాలనీలోనో పదిమందిని కూర్చోబెట్టి చూపించాలి. ప్లాంటును కాపాడాలంటున్న ఉద్యోగి, ఆ ప్లాంటుకే భూమిచ్చి ఉద్యోగం రాని నిర్వాసితుడు పక్కపక్కన కూర్చుని చూడాలి. దీపాలు వెలిగాక వాళ్లిద్దరి మధ్య వాదన లేస్తుంది. ఆ వాదన కూడా తీసి సినిమాలో చేర్చాలి, ఎవరికి నచ్చకపోయినా.