తాష్కెంట్ ట్రిప్ ఫార్వర్డ్: పంపేముందు ఇది చదవండి

ఉజ్బెకిస్తాన్ రాజధాని తాష్కెంట్ గురించిన ఒక ఫార్వర్డ్ మా గ్రూపులో వద్దన్నా మళ్లీ మళ్లీ వస్తోంది. పైన "తాష్కెంట్ రహస్యాలు" అని పెద్ద అక్షరాలు, కింద అయిదారు పాయింట్లు, చివర "మగాళ్లందరికీ షేర్ చేయండి" అని. పంపినవాళ్లలో ఆడపిల్లల తండ్రులు కూడా ఉన్నారు. అందుకే ఒక్కో పాయింటూ తీసుకుని రాస్తున్నాను.

"ఉజ్బెక్‌లంటే రష్యన్లే." కాదు. వాళ్ల భాష టర్కీ భాషకు చుట్టం. రష్యా చక్రవర్తి జార్ సైన్యం తాష్కెంట్‌ను పట్టుకుందే 1865లో. బ్రిటిష్‌వాళ్లు ఏలారని మనం ఇంగ్లీషువాళ్లం అయిపోయామా?

"ఊళ్లో పాతదంటూ ఏదీ లేదు." 1966 ఏప్రిల్ 26 తెల్లవారుజామున భూకంపం సరిగ్గా ఊరి కిందే వచ్చింది. మట్టి ఇటుకల ఇళ్లు కూలిపోయి సుమారు 3 లక్షల మంది నిలువ నీడ లేనివాళ్లయ్యారు. ఇప్పుడు కనిపించే వెడల్పు రోడ్లు, అపార్ట్‌మెంట్లు చాలావరకు ఆ తర్వాత కట్టినవే. అయినా చోర్సు బజారు దగ్గర పాతబస్తీ మిగిలే ఉంది. సందులో నడుస్తుంటే రెండు వైపులా కిటికీల్లేని మట్టిగోడలే కనిపిస్తాయి. తలుపు తీస్తే లోపల వాకిలి, దాని మీద ద్రాక్ష పందిరి, చుట్టూ గదులు. ఇల్లు వీధికి వీపు పెట్టి లోపలికి తిరిగి ఉంటుంది. బస్సు దిగకుండా ఊరు చూసినవాళ్లకు ఇవేం కనిపిస్తాయి?

"శాస్త్రిగారిని చంపింది వాళ్లే." 1966 జనవరి 10న తాష్కెంట్‌లో పాకిస్తాన్‌తో ఒప్పందం మీద అప్పటి మన ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి సంతకం పెట్టారు, ఆ రాత్రే ఆయన పోయారు. పోస్ట్‌మార్టం చేయించలేదన్నది నిజం. అడగాల్సిన ప్రశ్నలూ ఉన్నాయి. అవి ఢిల్లీని, మాస్కోను అడగాలి, ఎందుకంటే ఆ చర్చలు నడిపింది సోవియట్ ప్రధాని కోసిగిన్. తాష్కెంట్‌లో ఈ రోజుకీ శాస్త్రిగారి పేరుతో వీధి ఉంది, విగ్రహం ఉంది.

"బాబర్ ఉజ్బెకే, మనల్ని దోచింది వీళ్లే." బాబర్ 1483లో పుట్టిన అందిజాన్ ఇప్పటి ఉజ్బెకిస్తాన్‌లోనే ఉంది. కానీ అతను తైమూరు వంశంవాడు. షైబానీ ఖాన్ వెంట వచ్చిన ఉజ్బెక్‌లు అతన్ని సమర్‌ఖండ్ నుంచి తరిమేశారు. ఆ దెబ్బకే కాబూల్ దారి పట్టాడు, తర్వాత మన మీదికి వచ్చాడు. తన ఆత్మకథలో ఉజ్బెక్‌లను శత్రువులుగానే రాసుకున్నాడు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. సోవియట్ యూనియన్ నుంచి స్వతంత్రం వచ్చాక ఉజ్బెకిస్తాన్ తైమూరును నెత్తిన పెట్టుకుంది. తాష్కెంట్ నడిబొడ్డున, ఒకప్పుడు కార్ల్ మార్క్స్ బొమ్మ ఉన్నచోట, ఇప్పుడు గుర్రం మీద తైమూరు ఉన్నాడు. 1398లో ఢిల్లీలో అతను చేయించిన ఊచకోత తెలిసినవాళ్లెవరికైనా ఆ విగ్రహం చూస్తే కడుపు మండుతుంది. నాకూ మండుతుంది. ఈ ఒక్క విషయంలో ఫార్వర్డ్ రాసినవాడి కోపం న్యాయమే. కానీ ఆ కోపం చోర్సులో రొట్టెలమ్ముకునే మనిషి మీద చూపించడం న్యాయం కాదు.

"తిండి తినలేం." పలావులో కారం ఉండదు, అంతే. ఆవకాయ పట్టుకెళ్లండి.

ఇక అసలు పాయింటు. "అక్కడ ఆడవాళ్లు డబ్బులిస్తే వస్తారు, మూడు రాత్రుల ప్యాకేజీ చాలు." ఒక దేశంలో సగం జనాన్ని రేటు కార్డులో రాసేసి, పక్కన నవ్వే బొమ్మలు పెట్టి పంపుకుంటున్నారు. ఒళ్లు మండిపోతోంది.

ఆ వ్యాపారం అక్కడ చట్టవిరుద్ధం. ఉద్యోగమని నమ్మించి ఉజ్బెక్ అమ్మాయిలను నేపాల్ మీదుగా ఢిల్లీకి తెచ్చి, పాస్‌పోర్టులు లాక్కుని ఈ ఊబిలోకి దింపిన కేసులు మన పత్రికల్లోనే వచ్చాయి. మీరు జోక్ అనుకుంటున్న మెసేజ్ ఆ ముఠాలకు ఉచిత ప్రచారం.

ఆ ఆడవాళ్లెవరో కాస్త తెలుసుకోండి. మార్గిలాన్ అనే ఊళ్లో పట్టు నేత ఉంది. పోచంపల్లిలో లాగే నేయకముందే దారాలకు ముడులు కట్టి రంగులో ముంచుతారు. ఆ పని ఎంత నరకమో మన చేనేత ఇళ్లలో అడిగితే చెబుతారు. పత్తి కాలం వస్తే టీచర్లను, నర్సులను ప్రభుత్వమే బలవంతంగా చేలలోకి తోలేది. ప్రపంచమంతా నిలదీస్తే, ఏళ్ల తర్వాత 2022లో గానీ ఉజ్బెక్ పత్తి మీద అంతర్జాతీయ బహిష్కరణ ఎత్తేయలేదు. లక్షల మంది మగవాళ్లు కూలికి రష్యా పోతే ఇల్లు, పిల్లలు, అత్తమామల బాధ్యత మోసేది ఆ ఆడవాళ్లే. సమర్‌ఖండ్‌లో, బుఖారాలో ఎంబీబీఎస్ చదువుతున్న మన తెలుగు పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్లలోనూ వాళ్లున్నారు. మీ అమ్మాయి టీచర్ గురించి ఇలాంటి మెసేజ్ వస్తే నవ్వే బొమ్మ పెడతారా?

మా గ్రూపు అడ్మిన్‌కు చెప్పేశాను. ఆ మెసేజ్ ఉండాలో నేనుండాలో ఈ రాత్రికి తేల్చమన్నాను.