ఐదేళ్ల అతిథిగానే టీచరు: జపాన్ మధ్యతరహా నగరాల్లో ఇంగ్లిష్ కొలువుల అసలు లెక్క

జపాన్‌లో టీచరు ఉద్యోగం అనగానే మనవాళ్లు మొదట జీతం ఎంత అని అడుగుతారు. అంతకంటే ముందు ఆ జీతం ఎవరు ఇస్తారని అడగాలి. ఒకే నగరంలో పక్కపక్క బడుల్లో ఒకే పాఠం చెప్పే ఇద్దరు విదేశీయుల్లో ఒకరిని ప్రభుత్వ బడులను నడిపే స్థానిక విద్యా మండలి నేరుగా నియమించి ఉండవచ్చు, మరొకరు ఏజెన్సీ పంపిన అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి కావచ్చు. పిల్లలకు ఆ తేడా తెలియదు. జబ్బు చేసి సెలవు పెట్టాల్సి వచ్చినప్పుడు, విద్యా సంవత్సరం ముగిసే మార్చిలో కాంట్రాక్టు గడువు తీరుతున్నప్పుడు టీచరుకు మాత్రం బాగా తెలిసివస్తుంది.

విదేశీ యువతను బడుల్లో సహాయక భాషా ఉపాధ్యాయులుగా నియమించే జెట్ పథకాన్ని జపాన్ ప్రభుత్వం 1987లో ప్రారంభించింది. అందులో మన దేశమూ భాగస్వామే. 2011లో ప్రాథమిక బడుల్లో ఐదు, ఆరు తరగతులకు విదేశీ భాషా కార్యక్రమాలు తప్పనిసరయ్యాయి. 2020లో అదే ఇంగ్లిష్ పూర్తిస్థాయి సబ్జెక్టుగా మారి, మూడు, నాలుగు తరగతులకూ భాషా కార్యక్రమాలు వచ్చాయి. ఇలా పెరిగిన అవసరాన్ని చాలాచోట్ల నగరపాలక సంస్థలు ఏజెన్సీల ద్వారా తీర్చుకున్నాయి. 2012 నుంచి కదలని జెట్ తొలి ఏడాది వార్షిక వేతనం 2025లో 33.6 లక్షల యెన్ల నుంచి 40.2 లక్షల యెన్లకు పెరిగింది. ఏజెన్సీ ఉద్యోగికి నెలకు రెండు లక్షలు, రెండున్నర లక్షల యెన్లు దక్కడమే ఎక్కువ. బడి సెలవులుండే ఆగస్టులో ఆ మొత్తంలోనూ కోత పెట్టే సంస్థలున్నాయి. ఇటీవలి కొన్నేళ్లలో యెన్ విలువ పడిపోయింది కాబట్టి ఇంటికి డబ్బు పంపాలనుకునేవారికి ఈ తేడా ఇంకా గట్టిగా తగులుతుంది.

బయలుదేరక ముందే గుర్తించవలసిన అడ్డంకి మరొకటి ఉంది. ప్రభుత్వ బడుల్లో సహాయక టీచరుగా పనిచేసేందుకు ఇచ్చే వీసాకు డిగ్రీ ఒక్కటే సరిపోదు, ఇంగ్లిష్ బోధించేవారు కనీసం 12 ఏళ్లు ఇంగ్లిష్ మాధ్యమంలో చదివి ఉండాలి. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, తర్వాత ఎంఏ ఇంగ్లిష్ చేసి, ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి రాటుదేలిన టీచరుకు ఈ నిబంధన దగ్గరే దారి మూసుకుపోతుంది. బోధనా సామర్థ్యంతో సంబంధం లేని ఈ కొలమానం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతున్నాను. అయినా నిబంధన నిబంధనే కాబట్టి, కన్సల్టెన్సీకి డబ్బు కట్టకముందే తమ చదువు సర్టిఫికెట్లను దానితో సరిచూసుకోవాలి.

ఇక నగరం సంగతి. తొయామానే తీసుకుందాం. 2015లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో సహకార ఒప్పందం చేసుకున్న తొయామా రాష్ట్రానికి ఇది రాజధాని. జనాభా సుమారు నాలుగు లక్షలు. మందుల పరిశ్రమకు శతాబ్దాలుగా పేరుపడ్డ ఊరు. 2015 మార్చి నుంచి టోక్యోకు బుల్లెట్ రైలులో రెండు గంటల పైచిలుకు ప్రయాణం. ఊరు చెల్లాచెదురుగా విస్తరించకుండా ట్రామ్ మార్గాల వెంట జనావాసాలను ప్రోత్సహించిన నగరంగా పట్టణ ప్రణాళికల నిపుణులు దీన్ని ఉదాహరణగా చూపుతారు. 2020 మార్చిలో స్టేషన్ కింది నుంచి ఉత్తర, దక్షిణ ట్రామ్ లైన్లనూ కలిపారు. ఇదంతా నిజమే కానీ, 2005లో చుట్టుపక్కల పట్టణాలను, పల్లెలను కలుపుకోవడంతో నగర విస్తీర్ణం 1,240 చదరపు కిలోమీటర్లు దాటింది. నియామక పత్రంలో తొయామా నగరం అని ఉన్నా, పోస్టింగ్ ట్రామ్ వెళ్లని కొండ పక్క బడిలో పడవచ్చు.

అద్దె ఇంటి తలుపు తీసిన రోజు ఎదురయ్యేవి కూడా చిన్న విషయాలు కావు. చాలా ఇళ్లలో సీలింగుకు దీపం ఉండదు, కిటికీలకు తెరలుండవు, వంటగట్టు మీద పొయ్యి ఉండదు. గ్యాస్ కంపెనీ మనిషి వచ్చి, మన ఎదుటే పరీక్షించి కనెక్షన్ ఇచ్చేదాకా వేడినీళ్లూ రావు. అడ్వాన్సు, ఇంటి యజమానికిచ్చే తిరిగిరాని కానుక సొమ్ము, పూచీ ఇచ్చే సంస్థకు రుసుము, మొదటి నెల అద్దె కలిపితే మూడు నుంచి ఐదు నెలల అద్దెకు సమానమైన మొత్తం ముందే చెల్లించాల్సి రావచ్చు. మొదటి జీతం అందేది ఆ తర్వాతే. విద్యా మండలి ఇల్లు చూపించి పూచీ పడుతుందా, లేక ఆ భారమంతా టీచరుదేనా అన్నది జీతంలో ఇరవై వేల యెన్ల తేడా కంటే ముఖ్యమైన విషయం.

శీతకాలంలో సైబీరియా గాలులు జపాన్ సముద్రం మీది తేమను మోసుకొచ్చి తతెయామా పర్వతాలకు గుద్దుకోవడంతో తొయామాలో మంచు విపరీతంగా కురుస్తుంది. రోడ్డు మధ్య అమర్చిన గొట్టాలు భూగర్భ జలాన్ని చిమ్మి మంచును కరిగిస్తాయి, ఆ నీళ్లలో నడవడానికి మోకాలి దాకా రబ్బరు బూట్లు కావాలి. దూరపు బడికి కారు తప్పదు, ఆ కారుకు శీతకాలపు టైర్లు తప్పవు. మన అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ అక్కడ చెల్లేది గరిష్ఠంగా ఏడాదే. ఆ తర్వాత భారత లైసెన్సును జపాన్ లైసెన్సుగా మార్చుకోవాలి. అందుకు పెట్టే రాతపరీక్షలో అంతకుముందు పదే ప్రశ్నలుండగా, 2025 అక్టోబరు నుంచి యాభై ఇస్తున్నారు.

డబ్బు లెక్క కూడా రెండో ఏడాదే మారుతుంది. గత ఏడాది ఆదాయంపై వేసే స్థానిక నివాస పన్ను మొదటి ఏడాది కొత్తగా వచ్చినవారికి ఉండదు. మరుసటి జూన్ నుంచి జీతంలో కోత మొదలవుతుంది. సామాజిక బీమా ఉన్న ఉద్యోగమైతే పింఛనుకు జీతంలో 9.15 శాతం టీచరు వంతుగా పోతుంది, అంతే మొత్తం యజమానీ కడతాడు. తిరిగి వచ్చేటప్పుడు ఈ సొమ్మును ఒకేసారి తీసుకోవచ్చని అందరూ చెబుతారు. 2016 అక్టోబరు నుంచి అమల్లో ఉన్న భారత్, జపాన్ సామాజిక భద్రతా ఒప్పందం వల్ల ఇక్కడి పీఎఫ్ సర్వీసును అక్కడి సర్వీసుతో కలిపి పింఛను అర్హతకు లెక్కించుకోవచ్చని చెప్పేవారు తక్కువ. ఒకేసారి డబ్బు తీసుకుంటే అక్కడి సర్వీసు ఆ లెక్కలోంచి తొలగిపోతుంది.

ఇంత ఖర్చుపెట్టి, ఇంత నేర్చుకుని, ఊరితో పరిచయం పెంచుకున్న టీచరును ఆ వ్యవస్థ ఐదేళ్లకు సాగనంపుతుంది. జెట్ కాంట్రాక్టు ఏటా పునరుద్ధరించేది, గరిష్ఠంగా ఐదేళ్లు. ఐదేళ్లు దాటిన తాత్కాలిక ఉద్యోగికి శాశ్వత కాంట్రాక్టు కోరే హక్కును 2013లో అమల్లోకి వచ్చిన చట్టం ఇచ్చింది గాని, అది ప్రభుత్వ ఉద్యోగులకు వర్తించదు. నగరాలు నేరుగా నియమించుకునే సహాయక టీచర్లు కూడా సాధారణంగా ఏడాదికోసారి గడువు ముగిసే ఉద్యోగులే. సహాయక టీచరుకు బోధనా లైసెన్సు ఉండదు కాబట్టి తరగతి బాధ్యత జపాన్ టీచరుదే. స్టాఫ్ రూములో అందరితోపాటు బల్ల ఉంటుంది, మధ్యాహ్నం పిల్లలతో కూర్చుని భోజనం చేస్తారు, కానీ పాఠ్యప్రణాళిక మీద నిర్ణయాలు జరిగే సమావేశంలో వారి మాటకు చోటు ఉండటం అరుదు.

మన దగ్గర విద్యా వాలంటీర్ల, కాంట్రాక్టు లెక్చరర్ల బాధలు చూసినవారికి ఈ పరిస్థితి కొత్తగా అనిపించదు. ఏటా రెన్యూవల్ కోసం ఎదురుచూసే మనిషి మూడేళ్ల తర్వాత ఫలితమిచ్చే పాఠం ఎలా తయారుచేస్తాడు? ఫలానా పిల్లవాడు మూడో తరగతిలో ఎక్కడ తడబడ్డాడో గుర్తుపెట్టుకుని ఆరో తరగతిలో దాన్ని సరిదిద్దే టీచరు ఉండటమే మంచి బడికి గుర్తు. జనాభా తగ్గుతున్న తొయామా లాంటి నగరాలు ఇళ్లు కొనుక్కుని, పిల్లల్ని పెంచుకుని స్థిరపడే కుటుంబాల కోసం వెతుకుతూ, చేతిలో ఉన్న టీచరును మాత్రం పంపించేయడం నాకు ఎంతమాత్రం సమంజసంగా అనిపించదు.

దారి లేకపోలేదు. సాధారణ బోధనా లైసెన్సు లేకపోయినా ప్రత్యేక నైపుణ్యమున్నవారికి ప్రత్యేక లైసెన్సు ఇచ్చే అధికారం 1988 నుంచే జపాన్ రాష్ట్రాల విద్యా మండళ్లకు ఉంది. మూడేళ్లు సహాయక టీచరుగా పనిచేసి, జపనీస్ భాషలో తగిన స్థాయి సాధించినవారికి ఈ లైసెన్సు వైపు స్పష్టమైన మెట్లు వేస్తే అది నగరానికి, టీచరుకు, అన్నింటికంటే పిల్లలకు మేలు. తొయామాతో పదేళ్ల పరిచయమున్న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మందుల పరిశ్రమ, పెట్టుబడుల గురించి మాట్లాడే బల్ల మీదనే ఈ విషయాన్నీ ఉంచాలి. మన టీచర్లను ఏజెన్సీల ద్వారా కాకుండా విద్యా మండలే నేరుగా తీసుకోవాలని, ఇల్లు, బీమా, ప్రత్యేక లైసెన్సుకు దరఖాస్తు చేసుకునే అవకాశం నియామక పత్రంలోనే రాసి ఇవ్వాలని అడగాలి.