2009 కప్పు డెక్కన్ చార్జర్స్‌దే, సన్‌రైజర్స్‌ది కాదు

ఐపీఎల్ దగ్గర పడిందంటే చాలు, మన ఫోన్లలో ఒక సందేశం మళ్ళీ తిరగడం మొదలవుతుంది. దాని సారాంశం ఇది. సన్‌రైజర్స్ హైదరాబాద్ అంటే పేరు మార్చుకున్న డెక్కన్ చార్జర్సేనట. పాత యజమాని దగ్గర జట్టును కొనుక్కున్న చెన్నై సంస్థ ‘డెక్కన్’ అన్న మాటను చెరిపేసిందట. ఆటగాళ్ళు వాళ్ళే, ఊరూ అదే కాబట్టి 2009, 2016 కలిపి సన్‌రైజర్స్ రెండుసార్లు విజేత అట. హైదరాబాద్ జనం ఆదరించకపోవడం వల్లే పాత జట్టు మూతపడిందట. చివరగా, రోహిత్ శర్మను చేజేతులా వదులుకున్నది కూడా సన్‌రైజర్సేనట.

వీటిలో కొన్నింటి వెనుక ఒక నిజపు ముక్క ఉంది, అందుకే చదవగానే నమ్మబుద్ధవుతుంది. మన ఊరికి రెండు కప్పులు వచ్చాయని చెప్పుకోవడం నాకూ ఇష్టమే, అది నిజం కూడా. కానీ ఆ రెండూ ఒకే జట్టు గెలిచిందనడం తప్పు. ఆ తప్పు వల్ల 2009లో నిజంగా గెలిచిన జట్టు చరిత్రలోంచి మాయమైపోతోంది, నా బాధంతా అదే.

మొదట పేరు మార్పు సంగతి చూద్దాం. ఐపీఎల్‌లో పేర్లు మారిన జట్లు లేకపోలేదు. ఢిల్లీ డేర్‌డెవిల్స్ 2018 డిసెంబర్‌లో ఢిల్లీ క్యాపిటల్స్ అయింది, కింగ్స్ ఎలెవన్ పంజాబ్ 2021లో పంజాబ్ కింగ్స్ అయింది, బెంగళూరు జట్టు 2024లో తన పేరులోని ఊరి స్పెల్లింగును మార్చుకుంది. ఈ మూడింటిలోనూ భారత క్రికెట్ బోర్డు (బీసీసీఐ)తో కుదిరిన ఫ్రాంచైజీ ఒప్పందం, అంటే జట్టును నడిపే హక్కు, తెగకుండా కొనసాగింది, పాత ఫలితాలన్నీ జట్టు వెంటే వచ్చాయి. హైదరాబాద్‌లో జరిగింది ఇది కాదు. ఇక్కడ ఒప్పందమే రద్దయింది.

ఆ రద్దు కథ కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే సందేశంలోని ‘కొనుక్కున్నారు’ అన్న మాట నిలబడేదీ పడిపోయేదీ ఇక్కడే. 2008 జనవరిలో డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ సంస్థ 10.7 కోట్ల డాలర్లకు హైదరాబాద్ ఫ్రాంచైజీని దక్కించుకుంది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ సంస్థ అప్పుల్లో కూరుకుపోయింది, 2012 సీజన్‌కు సంబంధించి ఆటగాళ్ళకు చెల్లించాల్సిన డబ్బు కూడా బకాయి పడింది. జట్టును అమ్మేద్దామని సెప్టెంబర్ 13న వేలం పెడితే ఒకే ఒక్క బిడ్ వచ్చింది. పీవీపీ సంస్థ వేసిన ఆ 900 కోట్ల రూపాయల బిడ్‌ను యాజమాన్యమే కాదంది. ఆ మర్నాడే, అంటే సెప్టెంబర్ 14న, బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. వ్యవహారం బాంబే హైకోర్టుకు వెళ్ళింది. 100 కోట్ల రూపాయల బ్యాంకు గ్యారంటీ ఇస్తే జట్టు బతికే దారి ఒకటి కనిపించింది కానీ, అక్టోబర్‌లో గడువు ముగిసేలోగా ఆ గ్యారంటీ రాలేదు. డెక్కన్ చార్జర్స్ కథ అక్కడితో ముగిసింది. ఆ జట్టును ఎవరూ కొనలేదు.

దాని తర్వాత బీసీసీఐ పిలిచిన టెండర్ కొత్త జట్టు కోసం. అది హైదరాబాద్‌కే రావాలన్న నియమం కూడా అందులో లేదు. బిడ్ వేసేవారు ఎంచుకోదగిన ఊళ్ళుగా 12 పేర్లు ఇచ్చారు. హైదరాబాద్‌తో పాటు అహ్మదాబాద్, కొచ్చి, కటక్, రాంచీ, నాగ్‌పూర్ వంటివి ఆ జాబితాలో ఉన్నాయి, మన విశాఖపట్నం కూడా ఉంది. అక్టోబర్ 25న చెన్నైకి చెందిన సన్ టీవీ నెట్‌వర్క్ ఏడాదికి 85.05 కోట్ల రూపాయల బిడ్‌తో గెలిచి, తన జట్టుకు హైదరాబాద్‌ను ఊరుగా ఎంచుకుంది. పోటీగా వచ్చిన పీవీపీ బిడ్ 69.03 కోట్లు. ఆ రోజు నిర్ణయం మరోలా ఉంటే ఇప్పుడు మనం ‘సన్‌రైజర్స్ అహ్మదాబాద్’ అనో ‘సన్‌రైజర్స్ విశాఖ’ అనో అంటూ ఉండేవాళ్ళం. అప్పుడు 2009 కప్పును ఆ ఊరి ఖాతాలో వేయాలన్న ఆలోచన ఎవరికైనా వచ్చేదా?

‘డెక్కన్’ను చెన్నైవాళ్ళు చెరిపేశారన్న ఆరోపణకు సమాధానం కూడా ఇందులోనే ఉంది. ఆ పేరు డెక్కన్ క్రానికల్ సంస్థ తన పత్రిక పేరులోంచి తీసి జట్టుకు పెట్టుకున్నది. కొత్తగా టెండర్ గెలిచినవాళ్ళు పాత యజమాని పత్రిక పేరును తమ జట్టుకు పెట్టుకుంటారని అనుకోవడమే వింత. సన్ గ్రూపు తన పేరు కలిసి వచ్చేలా ఆ డిసెంబర్‌లో సన్‌రైజర్స్ అని ప్రకటించింది. పాత యజమాని చేసిన పనే కొత్త యజమానీ చేశాడు. ఇందులో తెలుగువాళ్ళ మీద చిన్నచూపు వెతకనవసరం లేదు.

ఇంకా సందేహం ఉన్నవాళ్ళు ఆ తర్వాత నడిచిన వ్యాజ్యాన్ని చూడాలి. జట్టును అన్యాయంగా రద్దు చేశారంటూ పాత సంస్థ మధ్యవర్తి ముందు ఏళ్ళ తరబడి పోరాడింది. 2020 జూలైలో మధ్యవర్తి ఆ రద్దు చెల్లదని తేల్చి, బీసీసీఐ 4,800 కోట్ల రూపాయలకు పైగా వడ్డీతో సహా చెల్లించాలని ఆదేశించారు. 2021 జూన్‌లో బాంబే హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఎవరి పక్షాన న్యాయం ఉందన్నది వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. జట్టు అమ్ముడుపోయి, పేరు మాత్రమే మారి ఉంటే, రద్దు గురించి ఎనిమిదేళ్ళు పోరాడాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఇక ఆటగాళ్ళ విషయం. సందేశంలో నిజం పాలు ఎక్కువగా ఉన్న భాగం ఇదే, దాన్ని దాచడం నా ఉద్దేశం కాదు. రద్దయిన జట్టులోని దాదాపు 20 మందిని కొత్త జట్టు తీసుకుంది. డేల్ స్టెయిన్, కుమార్ సంగక్కర, కామెరాన్ వైట్, శిఖర్ ధావన్, అమిత్ మిశ్రా, ఇషాంత్ శర్మ, పార్థివ్ పటేల్, మన హైదరాబాద్ కుర్రాళ్ళు ఆశిష్ రెడ్డి, అక్షత్ రెడ్డి వీరిలో ఉన్నారు. 2013 ఏప్రిల్ 5న ఉప్పల్‌లో పుణె వారియర్స్‌తో సన్‌రైజర్స్ తన మొదటి మ్యాచ్ ఆడినప్పుడు, కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు మైదానంలో చాలావరకు తెలిసిన ముఖాలే కనిపించాయి. గందరగోళం పుట్టింది అక్కడే అని నేననుకుంటాను.

కానీ ఈ ముఖాలు 2012 నాటివి, 2009 నాటివి కావు. ఈ రెంటికీ మధ్య 2011 మహా వేలం ఉంది. ఆ వేలానికి ముందు చెన్నై, ముంబై జట్లు నలుగురేసి ఆటగాళ్ళను అట్టిపెట్టుకుంటే, డెక్కన్ ఒక్కరినీ అట్టిపెట్టుకోలేదు. కప్పు గెలిచిన జట్టు అక్కడే చెల్లాచెదురైంది. గిల్‌క్రిస్ట్ పంజాబ్‌కు, సైమండ్స్ ముంబైకి, ఆర్పీ సింగ్, లక్ష్మణ్ కొచ్చికి వెళ్ళిపోయారు. ప్రజ్ఞాన్ ఓఝాను డెక్కన్ మళ్ళీ కొనుక్కున్నా, 2012కల్లా అతనూ ముంబై చేరాడు. గిల్‌క్రిస్ట్, గిబ్స్, సైమండ్స్, రోహిత్, ఆర్పీ సింగ్, ఓఝా, 2009లో కప్పు గెలిచిన ఈ ఆరుగురిలో ఒక్కరు కూడా ఏనాడూ సన్‌రైజర్స్ జెర్సీ వేసుకుని ఐపీఎల్ ఆడలేదు. 2016లో కప్పెత్తిన వార్నర్, భువనేశ్వర్, ముస్తాఫిజుర్, బెన్ కటింగ్‌లలో ఎవరూ డెక్కన్‌కు ఆడినవారు కారు. రెండు జట్లకూ సొంతమని చెప్పదగిన 2009 నాటి పెద్ద పేరు ఒకటే ఉంది. అది వీవీఎస్ లక్ష్మణ్, ఆయన సన్‌రైజర్స్‌కు వచ్చింది ఆటగాడిగా కాదు, మెంటార్‌గా.

అమిత్ మిశ్రా ఉదాహరణ దీన్ని ఇంకా తేటగా చూపిస్తుంది. 2011లో ధర్మశాలలో పంజాబ్ మీద అతను తీసిన హ్యాట్రిక్ డెక్కన్ చార్జర్స్ లెక్కలో ఉంది. 2013లో పుణె వారియర్స్ మీద తీసిన హ్యాట్రిక్ సన్‌రైజర్స్ లెక్కలో ఉంది. (ఆ రెండోదానిలో ఔటైన ముగ్గురిలో ఒకడు, తర్వాతి కాలంలో సన్‌రైజర్స్ బౌలింగ్‌కు పెద్ద దిక్కైన భువనేశ్వర్ కుమార్.) మనిషి ఒకడే, వేళ్ళ తిప్పుడూ ఒకటే, అయినా రికార్డు పుస్తకం రెండు జట్ల కింద రాసింది.

అసలు 2009లో గెలిచింది ఎలాంటి జట్టో గుర్తు చేసుకుంటే, ఆ కప్పును వేరేవాళ్ళకు ఇచ్చేయడం ఎందుకు తప్పో అర్థమవుతుంది. 2008లో లక్ష్మణ్ తనకు రావాల్సిన ఐకాన్ ఆటగాడి హోదాను (జట్టులో అందరికంటే ఎక్కువ జీతం దక్కే స్థానం) వదులుకుని, వేలంలో జట్టు చేతికి ఎక్కువ డబ్బు మిగిలేలా చేశాడు. ఆ డబ్బుతోనే సైమండ్స్ 13.5 లక్షల డాలర్లకు వచ్చాడు. అంత చేసినా ఆ ఏడాది 14 మ్యాచ్‌లలో గెలిచింది రెండే, పాయింట్ల పట్టికలో దక్కింది అట్టడుగు స్థానం. మరుసటి ఏడాది ఎన్నికల కారణంగా టోర్నీ దక్షిణాఫ్రికాకు తరలింది. కెప్టెన్ గిల్‌క్రిస్ట్, కోచ్ డారెన్ లీమన్.

2009 మే 16ను తెలుగువాళ్ళు మరోలా గుర్తుంచుకుంటారు, ఆ రోజు మన రాష్ట్రంలో ఓట్ల లెక్కింపు. అదే రోజు జొహానెస్‌బర్గ్‌లో కోల్‌కతా మీద చివరి ఓవర్‌లో డెక్కన్‌కు 21 పరుగులు కావలసి వచ్చింది. మష్రఫే మొర్తజా బౌలింగ్‌లో, స్కోర్లు సమమైన దశలో రోహిత్ చివరి బంతిని సిక్స్‌గా మలిచాడు. సెమీఫైనల్లో ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 కొట్టాడు. మే 24న బెంగళూరుతో జరిగిన ఫైనల్లో అదే గిల్‌క్రిస్ట్ మొదటి ఓవర్‌లోనే కుంబ్లే చేతిలో సున్నాకు బౌల్డయ్యాడు. గిబ్స్ మాత్రం చివరిదాకా నిలబడి 53 చేశాడు కాబట్టి స్కోరు 143కు చేరింది. కుంబ్లే 16 పరుగులకే నాలుగు వికెట్లు తీశాడు. ఓడిన జట్టులో ఉండి కూడా ఆ రోజు మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ఆయనే.

బెంగళూరు వేటలో ఓఝా మూడు వికెట్లు పడగొట్టాడు, సైమండ్స్ రెండు తీశాడు. చివరి ఓవర్‌కు 15 పరుగులు కావాలి. బంతి ఆర్పీ సింగ్ చేతిలో ఉంది, ఎదురుగా రాబిన్ ఉతప్ప. వచ్చినవి ఎనిమిది పరుగులే. ఆరు పరుగుల తేడాతో, నిరుటి ఆఖరి జట్టు కప్పు గెలిచింది. ఆ టోర్నీలో అత్యధిక వికెట్లు, 23, ఆర్పీ సింగ్‌వే. హైదరాబాద్ కుర్రాడు తిరుమలశెట్టి సుమన్, విశాఖ వేణుగోపాలరావు కూడా ఆ ఫైనల్ ఆడారు. ఈ పేర్లన్నీ ‘సన్‌రైజర్స్ రెండు కప్పులు’ అన్న నాలుగు ముక్కల కింద పడి నలిగిపోతున్నాయి. సన్‌రైజర్స్‌కు తనదైన ఫైనల్ ఉంది. 2016 మే 29న బెంగళూరులో, 208 పరుగులు చేసి ఎనిమిది పరుగుల తేడాతో గెలిచింది. ఆ జట్టుకు అరువు కప్పు అక్కర్లేదు.

‘ఊరు అదే కదా’ అనేవారికి పుణె చాలు. పుణె వారియర్స్ 2013తో ముగిసింది, 2016లో వేరే యాజమాన్యంతో రైజింగ్ పుణె వచ్చింది, ఆ రెంటినీ ఎవరూ ఒకటనరు. ఫుట్‌బాల్‌లో 2019లో పుణె సిటీ స్థానంలోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చి 2022లో ఐఎస్ఎల్ గెలిచింది. ఆ విజయం పుణెదని అంటే మనం ఊరుకుంటామా?

జనం ఆదరించలేదన్న మాట మాత్రం ఊరి మీద వేసిన నింద. 2010లో డెక్కన్ సొంత మ్యాచ్‌లు నాగ్‌పూర్, కటక్, నవీ ముంబైలకు తరలిపోయిన మాట నిజం. అది తెలంగాణ ఉద్యమ సమయంలో భద్రత గురించి తీసుకున్న నిర్ణయం. జట్టు మూతపడింది యజమాని అప్పుల వల్లనని పైన చూశాం.

మిగిలింది రోహిత్. అతను డెక్కన్‌కు మూడు సీజన్లు ఆడాడు. 2009లో సెంచూరియన్‌లో హ్యాట్రిక్ తీశాడు, అది కూడా ముంబై ఇండియన్స్ మీద. 2011 జనవరి వేలంలో ముంబై అతన్ని 20 లక్షల డాలర్లకు కొనుక్కుంది. ఆ రోజుకు సన్‌రైజర్స్ పుట్టడానికి ఇంకా దాదాపు రెండేళ్ళు ఉంది, కాబట్టి లేని జట్టు అతన్ని వదులుకునే ప్రశ్నే లేదు. అతనికున్న ఆరు ఐపీఎల్ కప్పుల్లో ఐదు ముంబైవి. మొదటిది డెక్కన్ చార్జర్స్‌ది.