ముందు లైన్లు, తర్వాత ఫలకాలు

సౌర విద్యుత్ కేంద్రం కట్టడానికి ఏడాది, మహా అయితే ఏడాదిన్నర చాలు. ఆ కరెంటును నగరాలకు చేర్చే హైటెన్షన్ లైను అలా కాదు. భూమి, అనుమతులు, టవర్లు అన్నీ కుదిరేసరికి ఐదేళ్లు దాటడం మామూలే. ఎదుగుతున్న దేశాలు పడుతున్న తిప్పల్లో చాలావరకు ఈ రెండు గడువులు కలవకపోవడంతో వచ్చినవే.

వియత్నాం అనుభవమే చూడండి. అక్కడి ప్రభుత్వం 2017లో సౌర విద్యుత్తుకు యూనిట్‌కు 9.35 అమెరికన్ సెంట్ల ధర ప్రకటించింది. 2018 దాకా నామమాత్రంగా ఉన్న సౌర సామర్థ్యం 2020 చివరికి 16 వేల మెగావాట్లు దాటింది. మెచ్చుకోవాల్సిన వేగమే. కానీ పెద్ద ప్రాజెక్టులు దక్షిణాన ఎండ దండిగా కాసే నిన్ థువాన్, బిన్ థువాన్ వంటి చోట్ల కిక్కిరిసిపోయాయి. అక్కడి లైన్లు ఆ భారం మోయలేకపోయాయి. మిట్టమధ్యాహ్నం, ఫలకాలు బాగా పండే వేళలోనే, ఉత్పత్తి తగ్గించుకోమని కేంద్రాలకు చెప్పాల్సి వచ్చింది. 2023 మే, జూన్ నెలల్లో ఉత్తరాదిన జలాశయాలు అడుగంటాయి. కర్మాగారాలకు, ఇళ్లకు కోతలు పెట్టారు. దక్షిణాన కరెంటు ఉన్నా పైకి పంపే దారి చాలలేదు. చివరికి 519 కిలోమీటర్ల 500 కేవీ లైనును ఆగమేఘాల మీద వేసి 2024 ఆగస్టులో ప్రారంభించారు. ఆ హడావుడి ధర ప్రకటించిన నాడే చూపించి ఉంటే ఆ వేసవి జనానికి అంత నరకంగా ఉండేది కాదు.

ఇక సాయంత్రాల సంగతి. గ్రిడ్ కంట్రోల్ రూమ్ తెర మీద 50.00 అనే అంకె ఉంటుంది. అది ఫ్రీక్వెన్సీ, అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందన్న లెక్క. ఉత్పత్తి కన్నా వాడకం పెరిగితే 49.95, 49.90 అంటూ దిగుతుంది. పొద్దు వాలుతుంటే సౌర విద్యుత్ గీత జారిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇళ్లలో లైట్లు, ఏసీలు వేస్తారు. రెండు మూడు గంటల్లో వేల మెగావాట్లు తేవాలి. చల్లారిన బొగ్గు బాయిలర్ వేడెక్కడానికే గంటలు పడుతుంది. ఇంజినీరు ఫోను వదలకుండా జలవిద్యుత్ కేంద్రాలను లేపుతుంటాడు. ఈ టెన్షన్ తగ్గాలంటే బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీటిని పైకి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం) కావాలి. వీలైన పనులను పగటికి మార్చుకోవడం అన్నిటికన్నా చవక. పగటి కరెంటుకు ధర తగ్గిస్తే పంపుసెట్లు, శీతల గిడ్డంగులు ఆ వేళకే వస్తాయి.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్‌లలో పట్టపగలు కరెంటు పోయినప్పుడు, నింద సౌర విద్యుత్తు మీద వేసినవాళ్లున్నారు. దర్యాప్తుల్లో తేలింది వోల్టేజీ అదుపు తప్పడం. దాన్ని సరిదిద్దే పనిని స్పెయిన్ నిబంధనలు చాలా సౌర, పవన కేంద్రాలకు అప్పగించనే లేదు. ఫలకాల కరెంటును గ్రిడ్‌కు సరిపడేలా మార్చే నేటి ఇన్వర్టర్లకు ఆ శక్తి ఉంది, అడగాలి అంతే. ఇప్పుడు గ్రిడ్ కట్టుకుంటున్న దేశాలు మొదటి ఒప్పందం నుంచే ఆ షరతు పెట్టుకోవచ్చు.

సబ్‌స్టేషన్ ఎప్పటికి సిద్ధమవుతుందో తేదీ రాయని సౌర టెండరు ఏదీ పిలవకూడదని మేము కోరుతున్నాం. ఆ తేదీ దాటితే వృథా అయ్యే ప్రతి యూనిట్ నష్టాన్ని లైను ఆలస్యం చేసిన సంస్థే భరించాలి. ఆ భారం నెల తిరిగేసరికి వినియోగదారుడి బిల్లులోకి రాకూడదు.