అయిదో నెలలో అడగాల్సింది అది కాదు

గుంటూరులో మా చెల్లెలికి ఇప్పుడు 20వ వారం. మొన్న కొత్తపేటలో టిఫా స్కాన్ చేయించుకుని, ఆటోలో ఇంటికి వెళ్తూ వీడియో కాల్ చేసింది. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "బాబో పాపో డాక్టరమ్మ ఏమైనా హింట్ ఇచ్చిందా?"

చెల్లెలు మాట్లాడలేదు. పక్కనున్న అమ్మే అందుకుంది. "గోడ మీద అంత బోర్డు పెట్టారు కదే, నువ్వే ఇలా అడిగితే ఎలా?"

సిగ్గేసింది. ఇక్కడ డాలస్‌లో మా పెద్దాడు కడుపులో ఉన్నప్పుడు ఇదే స్కాన్‌లో బాబు అని చెప్పేశారు. మేం కేకు కూడా కోశాం. ఆ అలవాటే నా చేత అలా అడిగించింది. మన దేశంలో 1994 నాటి చట్టం ప్రకారం చెప్పడమే కాదు, బంధువులు పట్టుబట్టి ఆడో మగో తెలుసుకునే పరీక్ష చేయించడమూ నేరమే. ఆ చట్టం ఎందుకు తేవాల్సి వచ్చిందో మన ఇళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అయినా ఇక్కడి నుంచి ఫోన్ చేసే మనమే ఆ ప్రశ్న ఎక్కువగా అడుగుతున్నామని నా అనుమానం.

అసలు ఆ స్కాన్ బిడ్డ అవయవాల కోసం. గుండెలో నాలుగు గదులూ సరిగా ఏర్పడ్డాయా, వెన్నుపూస, పెదవి, కిడ్నీలు ఎలా ఉన్నాయి, ఉమ్మనీరు సరిపడా ఉందా, మాయ ఎక్కడుంది అని చూస్తారు. మా చెల్లెలికి మాయ కిందికి ఉందన్నారు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఈ నెలల్లో అలా కనిపించినా, గర్భసంచి పెరిగేకొద్దీ చాలామందికి అదే పైకి జరుగుతుంది. 32 వారాల దగ్గర మళ్లీ చూస్తారు. ఈలోగా రక్తం కనిపిస్తే మాత్రం క్షణం ఆగకూడదు.

మా పిన్ని అయితే మూఢం వెళ్లాక స్కాన్‌కి వెళ్లమంది. శ్రీమంతానికి ముహూర్తం చూసుకోండి, గాజులు తొడగండి, చలిమిడి పెట్టండి, కాదనను. స్కాన్‌ని మాత్రం 18 నుంచి 22 వారాలు దాటనివ్వకండి. ఏదైనా పెద్ద లోపం బయటపడితే ఇంకో డాక్టర్‌కి చూపించుకోవాలి, ఆలోచించుకోవాలి. 24 వారాలు దాటాక గర్భం తీయించుకోవాలంటే మెడికల్ బోర్డు ఒప్పుకోవాలి. మూఢం చూస్తూ కూర్చుంటే ఆ వ్యవధే పోతుంది.

ఇక్కడి నుంచి ఎవరు వెళ్తున్నా కుంకుమపువ్వు పంపమంటారు, బిడ్డ తెల్లగా పుడుతుందని. పుట్టదు. ఆ శ్రద్ధేదో ఐరన్ మాత్ర మీద పెడితే మేలు. దాన్ని కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు, వేసుకోగానే టీ తాగకూడదు. విరేచనం నల్లగా అయితే కంగారు పడక్కర్లేదు, అది ఐరన్ వల్లే.

నిన్న మళ్లీ ఫోన్ చేసి, "రాత్రిళ్లు నిద్ర పడుతోందా?" అని అడిగాను. పిక్కలు పట్టేస్తున్నాయని మొదలుపెట్టి 40 నిమిషాలు మాట్లాడింది. పోయిన వారం నుంచి పొట్టలో ఏదో బుడబుడమంటుంటే గ్యాస్ అనుకుని వాము నములుతోందట. స్కాన్ చేసినావిడ నవ్వి, అది గ్యాస్ కాదమ్మా, బిడ్డ కదులుతోంది అందట.