వంకర వేలిపై ఒక నిటారు ఫిర్యాదు

క్రికెట్ పెద్దమనుషుల ఆట. ఈ మాట మా నాన్న నాకు చెబితే భక్తిగా విన్నాను. నేను మా అబ్బాయికి చెబితే వాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే "ఎవరు నాన్నా ఆ పెద్దమనుషులు?" అన్నాడు. ఆ రోజు నుంచి ఈ ఆట పరువు ఎక్కడ పోయిందో, ఎవరి చేతుల్లో పోయిందో ఆరా తీస్తున్నాను. తీగ ఇక్కడ లాగితే డొంక న్యూజిలాండ్‌లో కదిలింది. పరువు పోయింది చేతుల్లో కాదు, ఒక వేలిలో. అంపైర్ బిల్లీ బౌడెన్ చూపుడు వేలిలో.

అంపైర్ అంటే తెల్లకోటు వేసుకున్న చిత్రగుప్తుడిలా ఉండాలి. దక్షిణాఫ్రికా అంపైర్ రూడీ కర్ట్‌జెన్‌ని గుర్తు తెచ్చుకోండి. బావిలోంచి చేద లాగినంత నింపాదిగా వేలు పైకి తెచ్చేవాడు. అది పైకొచ్చేలోపు బ్యాట్స్‌మన్‌కి తన పాపాలన్నీ నెమరేసుకునే వ్యవధి దొరికేది. గాంభీర్యమంటే అదీ. బౌడెనో? వేలిని కొక్కెంలా వంచి, మబ్బుల్లో ఎవరినో రమ్మని పిలుస్తున్నట్టు అవుటిచ్చేవాడు. ఫోరయితే, భోజనాలయ్యాక బల్ల మీది మెతుకులు ఊడ్చినట్టు చెయ్యి ఆడించేవాడు. సిక్సరయితే ఒంగి, మెట్టు మెట్టుగా లేస్తూ, రెండు వంకర వేళ్లనూ అంచెలంచెలుగా ఆకాశానికి చేర్చేవాడు. కొట్టింది ఒకడు, చిందేసింది ఇంకొకడు.

నవ్వు నాలుగు విధాల చేటన్నారు. ఆ నాలుగు చేట్లూ ఈ వేలి వల్ల క్రికెట్‌కి ఎలా జరిగాయో లెక్క తేల్చి, ఆధారాలతో సహా మీ ముందు పెడదామని కాగితం, కలం తీసుకుని కూర్చున్నాను.

కూర్చోగానే అపశకునం ఎదురైంది. బౌడెన్‌కు కుర్రతనంలోనే కీళ్లవాతం వచ్చిందట. ఆడటం మానుకోవాల్సి వచ్చింది. అంపైరయ్యాక వేలు నిటారుగా చాపితే నొప్పి. అందుకని వంచాడు. నేను కోతివేషం అనుకున్నది ఆ మనిషి పడుతున్న అవస్థన్నమాట. నా ఫిర్యాదులో సగం అక్కడే చచ్చింది. మిగతా సగంతో కొనసాగుతున్నాను. మన దగ్గర కేసులు నడవడానికి ఆ మాత్రం చాలు.

చట్టమైనా నా పక్షాన ఉంటుందని క్రికెట్ నిబంధనలు తిరగేశాను. అవుటయితే చూపుడు వేలు తలకు పైగా ఎత్తాలని ఉంది. నిటారుగా అని లేదు. ఫోరయితే చేతిని అటూ ఇటూ ఊపి ఛాతీకి అడ్డంగా ఆపాలని ఉంది. ఎన్నిసార్లు ఊపాలో, ఏ తాళంలో ఊపాలో లేదు. పెద్దమనుషుల చట్టంలో ఇన్ని కంతలా!

సరే, మొదటి చేటు. 2005 ఫిబ్రవరి 17, ఆక్లండ్‌లోని ఈడెన్ పార్క్. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల మధ్య పురుషుల తొలి అంతర్జాతీయ టీ20. ఆటగాళ్లు 1980ల నాటి తరహా దుస్తుల్లో దిగారు. కొందరికి పెట్టుడు మీసాలు, కొందరికి విగ్గులు. సురభి వాళ్ల గ్రీన్‌రూమ్‌లోంచి నేరుగా పిచ్ మీదికి వచ్చినట్టున్నారు. చివరి బంతి మిగిలేసరికి న్యూజిలాండ్‌కి ఇంకా 40కి పైగా పరుగులు కావాలి. అప్పుడు ఆస్ట్రేలియా బౌలర్ గ్లెన్ మెక్‌గ్రాత్ బంతిని నేల మీద దొర్లించబోతున్నట్టు నటించాడు. బౌడెన్ జేబులోంచి ఎర్రకార్డు తీసి చూపించాడు. ఫుట్‌బాల్‌లో ఆటగాణ్ని బయటికి పంపే ఎర్రకార్డు, క్రికెట్‌లో! స్టేడియమంతా నవ్వింది.

ఎందుకు నవ్విందో తెలియాలంటే 1981 ఫిబ్రవరి 1కి, మెల్‌బోర్న్‌కి వెళ్లాలి. ఇవే రెండు జట్లు. ఆఖరి బంతికి సిక్సర్ కొడితే స్కోర్లు సమమవుతాయి. ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ చాపెల్, బౌలింగ్ చేస్తున్న తమ్ముడు ట్రెవర్‌ని బంతి దొర్లించెయ్యమన్నాడు. తమ్ముడు అన్న మాట జవదాటలేదు. దొర్లించాడు. నిబంధనలు అప్పట్లో ఒప్పుకునేవి కూడా. న్యూజిలాండ్ ప్రధాని ఆస్ట్రేలియన్ల పసుపు బట్టల్ని ఎత్తిపొడిచాడు. మనకు పసుపంటే శుభం, ఇంగ్లిష్ వాళ్లకు పిరికితనం. ఆ రోజు మైదానంలో విదూషకుడెవడూ లేడు. అందరూ మహా సీరియస్‌గా, చట్టబద్ధంగా ఆట పరువు తీశారు. ఆ మచ్చని నవ్వులాటగా మార్చడానికి 24 ఏళ్లు, ఒక ఎర్రకార్డు ముక్క కావాల్సి వచ్చాయి.

ఇది చేటు కింద రాయాలా వద్దా అని కలం ఆగింది. పైగా విగ్గులు పెట్టుకుని మొదలెట్టిన ఆ పొట్టి ఆటకే, 2023 నుంచి ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కుల కింద 48,390 కోట్ల రూపాయలు వచ్చాయి. పరువు లేని ఆటకు అంత సొమ్ము ఎవరిస్తారు? పరువు పోతేనే ఇస్తారేమో. ఈ ప్రశ్న మా ఇంట్లో తేలలేదు.

రెండో చేటుకి సిడ్నీ వెళ్లాను. అది ఇంకా పొరపాటైంది. 2008 జనవరిలో ఆస్ట్రేలియాతో మన టెస్టుకి స్టీవ్ బక్నర్ అంపైర్. నిదానానికి, నిబ్బరానికి పెట్టింది పేరు. నా లాంటివాళ్లు పటం కట్టించుకోదగ్గ మనిషి. 30 పరుగుల దగ్గర ఆస్ట్రేలియా ఆటగాడు ఆండ్రూ సైమండ్స్ బ్యాటుకు తగిలి బంతి కీపర్ చేతిలో పడింది. మనందరికీ చప్పుడు వినిపించింది, బక్నర్‌కి తప్ప. సైమండ్స్ 162తో అజేయంగా నిలిచాడు. మన దేశం భగ్గుమంది. తర్వాతి పెర్త్ టెస్టుకి బక్నర్‌ని తప్పించి, ఆట మర్యాద కాపాడటానికి అంతర్జాతీయ క్రికెట్ మండలి, అదే ఐసీసీ, ఎవరిని పంపిందనుకున్నారు?

వంకర వేలినే.

ఆ టెస్టు మనం 72 పరుగులతో గెలిచాం. రెండో ఇన్నింగ్స్‌లో మన హైదరాబాదీ వి.వి.ఎస్. లక్ష్మణ్ 79 కొట్టాడు. గంభీరుడు తగలబెట్టిన ఇంటికి కేతిగాడు నీళ్లు మోసుకొచ్చాడన్నమాట. నా వ్యాసానికి ఇది ఎంత నష్టమో మీరు గ్రహించే ఉంటారు.

కేతిగాడంటే గుర్తొచ్చింది. మా చిన్నప్పుడు తోలుబొమ్మలాటలో రామరావణ యుద్ధం ముదిరే వేళకి సగం ఊరు చాపల మీద గురక పెట్టేది. అప్పుడు కేతిగాడు, బంగారక్క తెర మీదికి దూకి, ఇక్కడ రాయకూడని మాటలు నాలుగు అనేవారు. ఊరంతా లేచి కూర్చునేది. వెంటనే రాముడు బాణం సంధించేవాడు. కేతిగాడి వల్ల రామాయణం పరువు పోయిందని ఎవరూ కోర్టుకెళ్లలేదు. అయితే ఒక తేడా ఉంది, ఇక్కడే నాకు కాస్త బలం చిక్కింది: రావణుడు అవుటో కాదో చెప్పే అధికారం కేతిగాడికి లేదు. తీర్పు చెప్పేవాడూ నవ్వించేవాడూ ఒకడే అయితే, సిక్సర్ తిన్న బౌలర్ ఎక్కడికి పోయి ఏడవాలి? వాడి చావుకి వాడున్నాడు, పక్కన న్యాయమూర్తి చిందులేస్తున్నాడు. ఇదొక్కటీ చేటు కింద రాశాను. మనస్ఫూర్తిగా రాశాను.

ఇంగ్లండ్ అంపైర్ డేవిడ్ షెపర్డ్ సంగతీ రాద్దామనుకున్నాను. స్కోరు 111 మీద ఉంటే అరిష్టమని, ఆయన ఒంటికాలి మీద గెంతేవాడు. అంత భారీ మనిషి! కానీ 111ని చూస్తే మనకీ మూడు నామాలే గుర్తొస్తాయి కాబట్టి ఆయన భయం ఆయనదని వదిలేశాను.

మూడో చేటు కోసం వెతుకుతుంటే అసలైన నవ్వులపాటు దొరికింది. 2007 ఏప్రిల్ 28, బార్బడోస్‌లో ప్రపంచకప్ ఫైనల్. వెలుతురు పోయింది, ఆస్ట్రేలియా వాళ్లు గెలిచామని సంబరాలు కూడా చేసుకున్నారు. అధికారులొచ్చి ఇంకా మూడు ఓవర్లున్నాయి ఆడండన్నారు. నిజానికి అక్కర్లేదు. చీకట్లో శ్రీలంక బ్యాట్స్‌మెన్ బంతి కోసం తడుముకుంటూ ఆడారు. తర్వాత ఐసీసీ రిఫరీతో సహా ఐదుగురు అధికారుల్నీ ఆ ఏటి టీ20 ప్రపంచకప్ నుంచి తప్పించింది. ఆ ఐదుగురిలో బౌడెన్ ఉన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. తీరా చూస్తే ఆ రోజు ఆయన నాలుగో అంపైర్. మైదానంలో నిలబడ్డది బక్నర్, అలీం దార్.

అంతకుముందు ఏడాది, 2006 ఆగస్టులో, లండన్‌లోని ఓవల్‌లో, పాకిస్తాన్ ఆటగాళ్లు బంతి పాడుచేశారని ఆ జట్టుకి అంపైర్లు డారెల్ హెయిర్, డాక్ట్రోవ్ ఐదు పరుగుల శిక్ష వేశారు. వాళ్లు అలిగి టీ తర్వాత మైదానంలోకి రాలేదు. వీళ్లు బెయిల్స్ పడగొట్టి మ్యాచ్ ఇంగ్లండ్‌కి రాసిచ్చారు. ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. 2008లో ఐసీసీ ఆ ఫలితాన్ని డ్రాగా మార్చింది. 2009లో మళ్లీ ఇంగ్లండ్‌కే గెలుపు రాసింది. అయిపోయిన పెళ్లికి రెండుసార్లు ముహూర్తం మార్చారు. మీటింగులు పెట్టి, కోట్లు, టైలు కట్టుకుని మార్చారు. వేలు వంచలేదు కాబట్టి నేను అభ్యంతరం చెప్పలేను.

2013లో బౌడెన్‌ని ఐసీసీ అగ్రశ్రేణి అంపైర్ల జాబితా, అంటే ఎలీట్ ప్యానెల్, నుంచి తప్పించారు. నా బోటివాళ్ల ప్రార్థన ఫలించింది. ఇప్పటి అంపైర్లు చక్కగా ఉన్నారు. సందేహమొస్తే గాల్లో టీవీ బొమ్మ గీసి, టీవీ ముందు కూర్చున్న అంపైర్ చెవిలో చెప్పింది విని, కావాలంటే తమ తీర్పు తామే కొట్టేసుకుంటున్నారు. ఎవరి పరువూ పోవడం లేదు. నవ్వించే బాధ్యత కామెంటరీ పెట్టెకి మారింది. అక్కడ బంతి పడేలోపు ఒక సామెత, పడ్డాక ఒక ప్రాస, పడకపోతే ఒక సినిమా డైలాగు. బౌడెన్ బంతి అయ్యాక ఆడేవాడు, వీళ్లకి బంతే అడ్డం. నాలుగో చేటు వీళ్ల ఖాతాలో రాద్దామంటే, ఫిర్యాదు వేలి మీద కదా, నోటి మీద కాదు.

మొత్తానికి లెక్క ఒకటిన్నర చేట్ల దగ్గర ఆగింది. ఆ అర ఏమిటో నాకే తెలియదు, గుండ్రంగా ఉంటుందని వేశాను.

మొన్న ఆదివారం మా కాలనీ పిల్లల మ్యాచ్‌కి అంపైరింగ్ చేశాను. గాంభీర్యమంటే ఏమిటో రేపటి తరానికి చూపించాలి కదా. మొదటి ఓవర్లోనే ఎల్‌బీడబ్ల్యూ అప్పీలు. కర్ట్‌జెన్‌ని తలచుకుని, ముఖం బిగించి, వేలు నిటారుగా, నెమ్మదిగా పైకెత్తి అలాగే ఉంచాను. బ్యాటింగ్ చేస్తున్న పిల్లాడు కాసేపు చూసి, "బాత్రూమ్‌కెళ్లాలా అంకుల్? వెళ్లిరండి, ఆగుతాం" అన్నాడు.